పెట్టె మూత పడకముందే చూసుకోండి

కాలేజీలో మూడేళ్లు కూర్చుని క్యూబ్‌శాట్ (చిన్న పెట్టెలాంటి బుల్లి ఉపగ్రహం) కట్టిన పిల్లలకు రాకెట్ ఏమవుతుందోనన్న బెంగే ఎక్కువ. అది మీ చేతిలో లేదు. 2017 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచి ఒకే పీఎస్‌ఎల్‌వీ 104 ఉపగ్రహాలను వదిలింది. అదే ఏడాది ఆగస్టు 31న మరో పీఎస్‌ఎల్‌వీకి ఉష్ణకవచం ఊడక ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1హెచ్ అనే దారిచూపే ఉపగ్రహం లోపలే చిక్కుకుపోయింది. మీ చేతిలో ఉన్నదల్లా ఉపగ్రహాన్ని రాకెట్‌కు బిగించే పెట్టెలోకి జార్చే ఆ ఒక్క పూట.

పెద్ద ఉపగ్రహాల అడుగున ఒక వలయం, రాకెట్ కొసన మరొకటి ఉంటాయి. బండి చక్రానికి ఇనుపకట్టు వేసినట్టు రెంటినీ కలిపి లోహపు పట్టీ బిగిస్తారు. వేళకు బోల్టు తెగితే పట్టీ విడుతుంది, స్ప్రింగులు నెడతాయి. చిన్నవాటికి అంత వైభోగం లేదు. పెట్టెలో పట్టాల మీద కూర్చుంటాయి, తలుపు తెరుచుకోగానే వెనక స్ప్రింగు బయటికి తోసేస్తుంది.

అందుకే ముందు ఉపగ్రహం నాలుగు మూలల పట్టాలు చూడండి. గాలి లేనిచోట పూత పోయిన అల్యూమినియం అల్యూమినియానికి రాసుకుంటే మరచెంబు మూతలా పట్టేస్తుంది. గట్టి ఆనోడైజింగ్ పూత (కరెంటుతో లోహం మీద కట్టించే పొర) ఉండేది అందుకే. వేలికి తగలని గీత కూడా టార్చి ఏటవాలుగా వేస్తే తెల్ల వెంట్రుకలా మెరుస్తుంది. దాన్ని స్కెచ్ పెన్నుతో కప్పేయాలని చూడకండి (చూసినవాళ్లున్నారు). పక్కలకు 6.5 మిల్లీమీటర్లకు మించి ఏదీ పొడుచుకు రాకూడదు. యాంటెన్నాను కట్టిన నైలాన్ దారం ముడి కూడా ఆ లెక్కలోదే.

ఇక ఉపగ్రహం పెట్టెలో ఉందో, బయటపడిందో కనిపెట్టే స్విచ్‌లు. పెట్టెలో నొక్కుకుని ఉన్నంతసేపు బ్యాటరీకి, సర్క్యూట్‌కు సంబంధం ఉండకూడదు. బయటపడ్డాక 30 నిమిషాల వరకు యాంటెన్నా విచ్చుకోకూడదు, 45 నిమిషాల వరకు రేడియో పలకకూడదు. రాకెట్ అదురుకు స్విచ్ ఒక్క క్షణం వదిలి మళ్లీ నొక్కుకుంటే లెక్క సున్నాకు రావాలి. అదే కొలతలో చెక్కపెట్టె చేయించుకుని దీన్ని పదిసార్లు పరీక్షించండి. మేం పరీక్ష కోసం 45 నిమిషాలను 40 సెకన్లకు తగ్గించి, తిరిగి మార్చడం మరిచిపోయాం. బయలుదేరే ముందు రాత్రి లాగ్ చదువుతున్న జూనియర్ కంటపడింది కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి చివరి ప్రోగ్రాం ఎక్కించాక గడియారం పెట్టుకుని పూర్తి 45 నిమిషాలూ కూర్చుంటున్నాం. విసుగే, కానీ తప్పదు.

అక్టోబరు, డిసెంబరు మధ్య ప్రయోగమైతే వాయుగుండాల కాలం. వాయిదా పడితే పెట్టెలో బ్యాటరీ నెమ్మదిగా దిగిపోతుంది. ఎన్నాళ్లు ఆగగలదో ముందే కొలిచి, మళ్లీ ఛార్జింగ్‌కు వీలుందో లేదో ప్రయోగ బృందాన్ని రాతపూర్వకంగా అడగండి.

చివరిది ఎర్ర రిబ్బను పిన్ను, ప్రయోగానికి ముందు తప్పక తీసేయాల్సినది. అది తీయడం ఒక్కరి పని, చూసి సంతకం చేయడం మరొకరి పని. ఫొటోల హడావిడి ఆ తరవాత. తీసిన పిన్ను మీ చేతికి వచ్చేదాకా ఆ గది దాటకండి.