తూపిలిపాళెం గుల్లలతో ప్రకృతి వరణం పాఠం

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను. ప్రకృతి వరణం, అంటే పరిసరాలకు సరిపోయే లక్షణాలున్నవే ఎక్కువగా బతికి పిల్లల్ని కనడం, అనగానే పుస్తకాలన్నీ జిరాఫీ మెడ ఎత్తుకుంటాయి. నేను మాత్రం పిల్లల్ని సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లి గుల్లలు ఏరిస్తాను. ఎలా చచ్చిపోయిందో చాలాసార్లు చిప్ప మీదే కనిపిస్తుంది. మీరూ చేయించాలనుకుంటే ఇలా చేయించండి.

శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వాకాడు దాటితే తూపిలిపాళెం బీచ్. తెల్లవారకముందే బయలుదేరండి, ఎండ ముదిరితే పిల్లలు నిలవలేరు. నాలుగు మీటర్ల తాడు, ఒక జల్లెడ, కవర్లు, స్కేలు చాలు. బతికున్నవి ముట్టుకోవద్దని ముందే చెప్పండి.

మొదటిసారి వెళ్లినప్పుడు నేను తాడు తీసుకెళ్లలేదు. ‘ఏరండి’ అన్నాను, అంతే. అందరూ పెద్దవీ, అందమైనవీ ఏరుకొచ్చారు. అక్కడ వరణం చేసింది ప్రకృతి కాదు, పిల్లల చేతులు. ఆ లెక్కంతా పారేయాల్సి వచ్చింది, చాలా బాధపడ్డాను. అందుకే ఇప్పుడు తాడుతో మీటరు చదరం వేసి, అందులోని పైపొర ఇసుకంతా జల్లించి, పగలని చిప్ప ప్రతిదీ కవర్లో వేయిస్తాను, గోరంత చిన్నదైనా సరే.

ఇంటికొచ్చాక కడిగి, ఆరబెట్టి, ఒకే జాతివి విడదీయండి. ఇప్పుడు ఒక్కొక్క చిప్పనూ వెలుతురుకు ఎత్తి చూడండి. కొన్నింటికి పై బుడిపె దగ్గర గుండ్రటి చిల్లు ఉంటుంది. వేలికొసతో తడిమితే బయట వెడల్పుగా, లోపలికి సన్నగా, గరాటులా తగులుతుంది. ఇసుకలో తిరిగే ఒక రకం నత్త చేసిన పని అది. గరుకు నాలుకతో గీకుతూ, ఆమ్లంతో చిప్పను మెత్తబరుస్తూ తొలిచి, లోపలి మాంసం తినేస్తుంది. రాయి తగిలి పడ్డ చిల్లు అంచు ఇంత నున్నగా ఉండదు.

లెక్కలో ఒక మెలిక ఉంది. గుల్లకు చిప్పలు రెండు, మామూలుగా చిల్లు పడేది ఒకదానికే. కాబట్టి 200 చిప్పలంటే 100 గుల్లలు. వాటిలో 18 చిప్పలకు చిల్లులుంటే, వందలో 18ని నత్త తిన్నట్టు. తర్వాత చిల్లున్నవాటి పొడవులు ఒక వరుసలో, లేనివాటివి ఇంకో వరుసలో రాయించండి. చిల్లులు ఒకే సైజు దగ్గర గుంపుగా ఉన్నాయా? ఉంటే నత్త ఆ సైజునే ఎంచుకుంటోందేమో అడగండి. చిల్లు లేనివి బతికి బట్టకట్టినవి అనుకోకండి, అవీ చచ్చినవే, నత్త వల్ల కాదంతే.

పిల్లలకు నిజం దాచొద్దు. తేడాలున్నాయని, చావు అన్నింటికీ ఒకేలా రాలేదని ఈ చిప్పలు చూపిస్తాయి. ఆ తేడా తల్లిదండ్రుల నుంచి వచ్చిందో, తిండి, ఉప్పు, వయసు వల్ల వచ్చిందో ఇవి చెప్పలేవు. పైగా అసలు పెద్ద జల్లెడ మన కంటికి కనిపించదు. ఒక్క ఆడ ఆల్చిప్ప లక్షల గుడ్లు వదులుతుంది. వాటి నుంచి వచ్చే బుల్లి ఆల్చిప్పలు రెండు మూడు వారాలు నీళ్లలో తేలుతూనే దాదాపు అన్నీ పోతాయి. అప్పటికి వాటి చిప్ప రవ్వ గింజంత కూడా ఉండదు.

తల్లిదండ్రుల నుంచి వచ్చే తేడాలు, అంటే జన్యు వైవిధ్యం, ఎలా తరిగిపోతాయో చూపడానికి పూసల ఆట ఆడించండి. గాంధీ రోడ్డులో ఒకే సైజు పూసలు నాలుగు రంగుల్లో కొనండి. రంగుకు 25 చొప్పున 100 సంచిలో వేసి, కళ్లు మూసుకుని నాలుగు తీయమనండి. అవే తల్లిదండ్రులు. ఒక్కోదానికి అదే రంగువి 25 పిల్లలుగా వేసి, మళ్లీ 100 చేసి, మళ్లీ తీయండి. ఏ ఎంపికా లేకుండా, కేవలం అదృష్టం కొద్దీ, కొన్ని తరాలకే ఒక్క రంగు తప్ప మిగతావి మాయమైపోతాయి. ఈసారి నాలుగు బదులు 50 తీసి, ఒక్కోదానికి రెండేసి పిల్లలు వేయండి. రంగులు చాలాకాలం నిలుస్తాయి.

ఆల్చిప్పల్లోనూ ఒక్కో ఏడు కొద్దిమంది తల్లిదండ్రుల సంతానమే లాటరీ తగిలినట్టు మిగులుతుందని డెన్నిస్ హెడ్జ్‌కాక్ అనే శాస్త్రవేత్త 1994లో ప్రతిపాదించాడు. నాలుగు పూసల ఆట అదే. హేచరీలో కొద్ది తల్లులతోనే ఏళ్ల తరబడి సీడ్ (పెంపకానికి పిల్లలు) తీసేవాళ్లూ ఇది ఒకసారి ఆడి చూడాలి. ఏ రంగు ఏ తరంలో పోయిందో బోర్డు మీద రాయిస్తూ పొండి. రెండు మూడు గ్రూపులతో విడివిడిగా ఆడిస్తే, ఒక్కో గ్రూపులో ఒక్కో రంగు మిగలొచ్చు.