షేవింగ్ బ్రష్ పాడైందా? ముందు కుదురు చూడండి

షేవింగ్ బ్రష్‌ను చాలామంది కొస చూసి కొంటారు, కొస చూసే పారేస్తారు. కొస మెత్తగా ఉంటే మంచి బ్రష్ అని, విచ్చుకుపోతే పాడైందని లెక్క. నా దృష్టిలో బ్రష్ బాగోగులు తేలేది కుదురు దగ్గర. వెంట్రుకలన్నీ కలిసి పిడిలోకి దిగే ఆ కాస్త చోటులోనే జిగురు ఉంటుంది, తడి నిలుస్తుంది, సబ్బు పేరుకుంటుంది. కింద చెప్పబోయే సమస్యల్లో ఎక్కువ భాగం అక్కడ మొదలయ్యేవే. అందుకే బ్రష్ మారుద్దాం అనుకునే ముందు రెండు వేళ్లతో కుచ్చును విడదీసి, వెలుతురులో కుదురు దాకా ఒకసారి చూడండి.

వెంట్రుకలు రాలుతున్నాయి

కొత్త బ్రష్‌కి మొదటి వారం పది రోజులు కొన్ని వెంట్రుకలు రాలడం మామూలే. కుచ్చు కట్టేటప్పుడు పొట్టి వెంట్రుకలు కొన్ని జిగురు దాకా అందక మధ్యలోనే ఉండిపోతాయి, అవే బయటికి వస్తాయి. పొడిగా ఉన్నప్పుడు కుచ్చును అరచేతి మీద తట్టి, వేళ్లతో దువ్వి, ఒకసారి షాంపూతో కడిగితే చాలావరకు వదిలిపోతాయి.

ఆ తర్వాత కూడా రాలుతుంటే రాలిన వెంట్రుకను నీళ్లలో వదిలేయకండి. ఆరబెట్టి తెల్ల కాగితం మీద పెట్టి, బ్రష్ పక్కన పెట్టి పొడవు చూడండి. పిడి బయట కనిపించే కుచ్చు కంటే ఆ వెంట్రుక పొడవుగా ఉంటే, లేదా అడుగున గోరుకి తగిలేంత జిగురు ముక్క అంటుకుని ఉంటే, అది వేరుతో సహా ఊడి వచ్చిందన్నమాట. అంటే జిగురు పట్టు వదిలింది. పొట్టిగా ఉండి, ఒక చివర మొండిగా తెగినట్టు ఉంటే అది విరిగిన వెంట్రుక. ఈ రెండూ వేర్వేరు జబ్బులు, మందులూ వేరే.

జిగురు వదలడం తయారీ లోపం కావచ్చు, మరిగే నీళ్లు పోయడం వల్లా కావచ్చు. కొత్త బ్రష్ అయితే మొహమాటపడకుండా వెనక్కి ఇచ్చేయండి. పాతదైతే కుచ్చు మార్చడమే దారి. కుదురులో పల్చటి జిగురు చుక్కలు పోస్తే ఆగుతుందని కొందరు చెబుతారు, ఆ పని చేయవద్దని నా సలహా. వెంట్రుకల మధ్య సందుల్లోంచి జిగురు పైకి ఎగబాకుతుంది. ఎండాక కుచ్చులో సగం కర్రలా బిగుసుకుపోతుంది, ఆ తర్వాత దాన్ని వదిలించే ఉపాయం లేదు.

వెంట్రుకలు విరుగుతున్నాయంటే తప్పు వాడకంలో ఉంది. బ్రష్‌ను చెంపకి అదిమి గిరగిరా తిప్పడం, కడిగాక బట్ట పిండినట్టు మెలితిప్పడం, బట్టల సబ్బుతోనో డిటర్జెంట్ పొడితోనో తోమడం ముఖ్యమైన కారణాలు. జంతువుల వెంట్రుక కూడా మన జుట్టులాగే కెరాటిన్ అనే ప్రోటీన్. క్షారం ఎక్కువైతే పెళుసెక్కుతుంది. గుండ్రంగా తిప్పి నురగ చేసుకోండి, మొహానికి పట్టించేటప్పుడు మాత్రం గోడకి రంగు వేసినట్టు అటూ ఇటూ తేలిగ్గా నడపండి. నీళ్లు చెయ్యి పట్టేంత వేడి ఉంటే చాలు.

కుచ్చు మొత్తం ఊడి చేతికి వచ్చింది

చూడ్డానికి ఘోరంగా ఉంటుంది కానీ అన్నిటికంటే సులువుగా బాగయ్యేది ఇదే. కుచ్చు అడుగున జిగురు దిమ్మ గట్టిగా ఉంటే వెంట్రుకలకు ఏమీ కాలేదన్నట్టే. రెండు రోజులు పూర్తిగా ఆరనివ్వండి. పిడి గుంతలోని పాత జిగురును గీకి, గుంతనూ దిమ్మ అడుగునూ గరుకు కాగితంతో రుద్దండి. రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ, అంటే అరాల్డైట్ లాంటిది, ప్యాకెట్ మీద రాసిన పాళ్లలో కలిపి గుంతలో కొద్దిగా వేసి కుచ్చును నిటారుగా కూర్చోబెట్టండి. పైకి ఉబికి వచ్చిన జిగురును వెంటనే తుడిచేయండి. ఒక రోజంతా నీళ్లు తగలనివ్వకండి. క్షణంలో అతుక్కునే జిగురు తడికీ వేడికీ పెళుసుగా మారి మళ్లీ వదిలేస్తుంది. మామూలు తెల్ల జిగురైతే నీళ్లకి నానిపోతుంది.

కుచ్చు బిరుసెక్కింది, కుదురు తెల్లబడింది

మన దగ్గర బ్రష్‌లని ఎక్కువగా చంపేది ఇదే. బోరు నీళ్లు వాడే ఇంట్లో కుళాయి మూతి మీద, బకెట్ అంచున తెల్లటి చారలు చూస్తూనే ఉంటాం. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం షేవింగ్ సబ్బులోని కొవ్వు ఆమ్లాలతో కలిసి నీళ్లలో కరగని జిడ్డు తెట్టుగా మారతాయి. అది కొసల మీద నిలవదు, కుదుళ్లలోకి దిగి రోజుకో పొర చొప్పున పేరుకుంటుంది. వేళ్లతో విడదీసి చూస్తే వెంట్రుకలు గుంపులుగా అంటుకుని, అడుగున బూడిద రంగు మైనం పట్టినట్టు కనిపిస్తుంది. అక్కడి వెంట్రుకలు వంగలేవు. వంగలేనివి విరుగుతాయి. పైన చెప్పిన విరిగిన వెంట్రుకలకు చాలాసార్లు అసలు కారణం ఇదే.

మామూలు సబ్బుతో ఎంత కడిగినా ఈ తెట్టు పోదు. అదే నీళ్లు, అదే సబ్బు కలిస్తే ఇంకో పొర తయారవుతుంది. దీనికి పులుపు కావాలి. ఒక గ్లాసులో ఒక వంతు తెల్ల వెనిగర్‌కి పది వంతుల గోరువెచ్చని నీళ్లు కలపండి. వెనిగర్ లేకపోతే వడగట్టిన నిమ్మరసమైనా సరే. పిడి మునగకుండా కుచ్చును మాత్రమే ముంచి, ఐదు నిమిషాలు మధ్య మధ్య ఆడించండి. నీళ్లు పాల రంగుకి తిరిగితే పని జరుగుతున్నట్టు. తర్వాత కుళాయి కింద కడిగి, రెండు చుక్కల షాంపూ వేసి, అరచేతిలో నురగ తీస్తూ వేళ్లతో కుదుళ్లను విడదీసి రుద్దండి. మళ్లీ కడగండి. ఏళ్ల తరబడి పేరుకున్నదైతే ఒకసారికి పోదు. పాళ్లు పెంచే బదులు వారం ఆగి ఇంకోసారి చేయడం మేలు, ఎందుకంటే పులుపు మరీ ఎక్కువైతే జంతువుల వెంట్రుకకి మంచిది కాదు. ఫినాయిల్, బ్లీచింగ్, బాత్రూమ్ కడిగే యాసిడ్ జోలికి అసలు వెళ్లకండి.

బోరు నీళ్లు వాడేవాళ్లు ఇలా నెల రెండు నెలలకోసారి చేస్తే చాలు. అసలు తెట్టే పట్టకుండా ఉండాలంటే ఇంకా తేలిక ఉపాయం ఉంది. బ్రష్ నానబెట్టడానికి, నురగ తీయడానికి, చివరి కడుగుకి ఒక చిన్న చెంబుడు ఫిల్టర్ నీళ్లు పక్కన పెట్టుకోండి. హైదరాబాద్‌లో మంజీరా, కృష్ణా నీళ్లు వచ్చే ఇళ్లలో ఈ బాధ తక్కువ. అదే ఇంట్లో ఎండాకాలం ట్యాంకర్ నీళ్లకి మారితే మాత్రం నెల తిరిగేలోపే తేడా తెలిసిపోతుంది.

నురగ సరిగా రావట్లేదు

దీనికీ సగం కారణం ఆ నీళ్లే. బోరు నీళ్లలో సబ్బులో కొంత తెట్టుగా మారిపోతుంది, మిగిలిందే నురగ అవుతుంది. అదే సబ్బుతో, ఒకసారి ఫిల్టర్ నీళ్లతో నురగ తీసి చూడండి. బాగా వస్తే బ్రష్‌ని అనకండి.

రెండో కారణం నానబెట్టకపోవడం. పంది వెంట్రుక బ్రష్ మూడు నాలుగు నిమిషాలు నానాలి, లేకపోతే నీళ్లన్నీ తనే పీల్చుకుని నురగను ఎండగడుతుంది. బ్యాడ్జర్ అనే అడవి జంతువు వెంట్రుకతో చేసినదానికి నిమిషం చాలు. సింథటిక్ నానబెట్టనక్కర్లేదు, తడిపి దులిపితే సరిపోతుంది. పంది వెంట్రుక బ్రష్ కొత్తలో ఎవరికీ నచ్చదు. వాడగా వాడగా దాని కొసలు చీలి మెత్తబడతాయి. కొన్ని వారాలు ఓపిక పట్టండి.

వాసన వస్తోంది

కొత్త బ్రష్ పశువుల పాకలాంటి వాసన వేస్తుంటే కంగారు పడొద్దు. నురగ తీసి, ఆ నురగతోనే రాత్రంతా ఉంచి పొద్దున కడిగేస్తే రెండు మూడు సార్లకి పోతుంది.

వాడుతున్న బ్రష్‌కి ముక్కిన వాసన వస్తే విషయం వేరు. కుదురు ఆరడం లేదన్నమాట. కిటికీ లేని బాత్రూమ్, మూత వేసిన షేవింగ్ కిట్, వర్షాకాలం, విశాఖ, కాకినాడ లాంటి ఊళ్ల సముద్రపు గాలి, వీటిల్లో ఏ రెండు కలిసినా కుచ్చు పైకి పొడిగా కనిపిస్తూ లోపల చెమ్మగానే ఉండిపోతుంది. కడిగాక మెలితిప్పకుండా పిడికిట్లో నొక్కి, రెండుసార్లు గట్టిగా విదిలించి, తువ్వాలు మీద అటూ ఇటూ తుడిచి, గాలి ఆడే చోట పెట్టండి. బాత్రూమ్ బయట, ఫ్యాన్ గాలి తగిలే చోటైతే ఇంకా మంచిది. తలకిందులుగా వేలాడదీయాలా, నిలబెట్టాలా అని పెద్ద చర్చే జరుగుతుంటుంది. ముందు బాగా విదిలిస్తే ఎలా పెట్టినా పెద్ద తేడా ఉండదు. జంతువుల వెంట్రుక బ్రష్‌కి ఒక రోజు పూర్తిగా ఆరే వ్యవధి ఇవ్వాలి. రోజూ గడ్డం చేసుకునేవాళ్లు రెండు బ్రష్‌లు మార్చి మార్చి వాడుకుంటే రెండూ ఎక్కువ కాలం వస్తాయి. తేమ ఎక్కువ ఉండే ఊళ్లలో సింథటిక్ కొనడమే తెలివైన పని, తొందరగా ఆరిపోతుంది.

కుదురులో నల్ల చుక్కలు కనిపిస్తే అది బూజు. లోపలికి దిగిన బూజును నమ్మకంగా వదిలించలేం, ఆ కుచ్చు మొహానికి పెట్టకండి. మీ బ్రష్ ఇంకొకరికి ఇవ్వడం, ఇంకొకరిది మీరు వాడడం కూడా వద్దు. గడ్డం కుదుళ్ల దగ్గర చీము పొక్కులు పదే పదే వస్తుంటే బ్రష్ మార్చి, చర్మ వైద్యుడికి చూపించండి.

మొహానికి గుచ్చుకుంటోంది

నాణ్యత బయటపడేది ఇక్కడే. మంచి కుచ్చులో వెంట్రుకల కొసలు పుట్టుకతో సన్నగా ఉన్నవే పైకి వస్తాయి. వెంట్రుకలను అచ్చులో కొసలు కిందికి పెట్టి ఆకారం తెచ్చి, అడుగున కట్టి జిగురు వేస్తారు. చవక బ్రష్‌లో ముందు కట్ట కట్టి, తర్వాత గుండ్రంగా కత్తిరిస్తారు. తెగిన కొసలన్నీ మొండివే కాబట్టి గుచ్చుకుంటాయి. వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తే సన్నబడే కొస, మొండి కొస తేడా కంటికే తెలుస్తుంది. కత్తిరించిన బ్రష్‌ని ఏం చేసినా మెత్తబడదు, మార్చుకోవడమే.

ఏ వెంట్రుకో కూడా తెలుసుకోవాలి. పంది వెంట్రుకకి నల్లటి పట్టీ రంగు వేసి బ్యాడ్జర్‌లా అమ్మడం ఉంది. తడిపి తెల్ల గుడ్డకి రుద్దితే కొన్ని రంగులు అక్కడే దిగుతాయి. జంతువుదా, ప్లాస్టిక్కా అన్నది తేల్చడానికి రాలిన వెంట్రుక ఒక్కటి చాలు. పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. జంతువుదైతే జుట్టు కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిగే బూడిద మిగులుతుంది. సింథటిక్ అయితే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. పంది వెంట్రుక వద్దనుకునేవాళ్లు, శాకాహార నియమం పాటించేవాళ్లు ప్యాకెట్ మీద 'బోర్' (పంది), 'బ్రిసిల్' (పంది వెంట్రుక) అనే మాటలు ఉన్నాయేమో చూసుకోవాలి. ఇప్పటి సింథటిక్ బ్రష్‌లు పాత నైలాన్ వాటిలా ఉండవు, మెత్తదనంలో బ్యాడ్జర్‌తో పోటీ పడతాయి.

కుచ్చు మధ్యలో గుంట పడింది, లేదా కుచ్చు వాలిపోతోంది

పైనుంచి నిలువుగా అదిమి నురగ తీసే అలవాటు వల్ల గుంట పడుతుంది. తడిపి, ఆకారం సరిచేసి, కాగితం వదులుగా చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఆరబెడితే కొంత సర్దుకుంటుంది. కొత్త బ్రష్‌లోనే గుంట ఉంటే మధ్యలో వెంట్రుక తక్కువ పెట్టారని అర్థం. కొనేటప్పుడే కుచ్చు నడుమ వేలు పెట్టి చూడండి, జిగురు దిమ్మ సులువుగా తగిలితే ఆ బ్రష్ వద్దు. మామూలుగా కుచ్చు కుదురు దగ్గర 22 నుంచి 26 మిల్లీమీటర్ల మందం, పిడి పైన సుమారు 50 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. మందం తగ్గి ఎత్తు పెరిగితే వాలిపోతుంది. అది కొలతల్లోనే ఉన్న లోపం, మన చేతిలో లేదు.

పిడి పగిలింది

చెక్క పిడిని నీళ్లలో ముంచి నానబెడితే చెక్క ఉబ్బి, ఆరినప్పుడు చీలుతుంది. సన్న చీలికకి ఎపాక్సీ పట్టించి, పైన వార్నిష్ పూత వేస్తే ఆగుతుంది. రెసిన్, అంటే గట్టి ప్లాస్టిక్ లాంటి పిడికి ఈ బెడద చాలా తక్కువ. లోహపు పట్టీ ఉన్న బ్రష్ అయితే పట్టీ కింద తడి నిలిచి తుప్పు మొదలవుతుంది, రోజూ తుడిచి పెట్టాలి.

తాతల నాటి బ్రష్ ఇంట్లో దొరికితే ఒక జాగ్రత్త ఉంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్యాడ్జర్ వెంట్రుక దొరక్క, సరిగా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకతో చేసిన బ్రష్‌ల వల్ల బ్రిటన్, అమెరికాల్లో పశువుల నుంచి అంటుకునే ఆంత్రాక్స్ అనే జబ్బు సోకి మనుషులు చనిపోయారు. జపాన్ నుంచి వచ్చే షేవింగ్ బ్రష్‌ల దిగుమతిని బ్రిటన్ 1920లో నిషేధించింది. పాత బ్రష్‌ల మీద 'స్టెరిలైజ్డ్' (క్రిములు లేకుండా శుద్ధి చేసింది) అని ముద్ర కనిపించేది ఆ భయంతోనే. అందుకని ఎప్పటిదో తెలియని కుచ్చును మొహానికి పెట్టొద్దు. పిడి బాగుంటే కుచ్చు తీయించి, గుంత వ్యాసం, లోతు కొలుచుకోండి. కుచ్చులు విడిగా ఆన్‌లైన్‌లో అమ్ముతారు. గుంత కంటే అడుగు భాగం ఒక మిల్లీమీటరు తక్కువ వ్యాసం ఉన్న కుచ్చు తెప్పించుకుంటే ఎపాక్సీకి చోటు మిగులుతుంది.