క్రిటిక్స్ అవార్డులు చూసి ఆస్కార్ విన్నర్‌ని గెస్ చేయడం ఎలా?

డిసెంబర్ మొదటి వారం వస్తే చాలు, అమెరికాలో క్రిటిక్స్ సంఘాలు వరసపెట్టి అవార్డులు ప్రకటించేస్తుంటాయి, ఇటు మన ఫీడ్ నిండా ఆస్కార్ ఖాయం అంటూ పోస్టులు మొదలైపోతాయి. 2022 డిసెంబర్ గుర్తుంది కదా, న్యూయార్క్ ఫిల్మ్ క్రిటిక్స్ సర్కిల్ వాళ్ళు ఆర్ఆర్ఆర్‌కి గాను రాజమౌళికి బెస్ట్ డైరెక్టర్ ఇచ్చారు, ఆ రోజు నుంచి మనోళ్ళంతా ఆస్కార్‌లో డైరెక్టర్ నామినేషన్ వచ్చేసినట్టే లెక్కలేసుకున్నారు. రాలేదు. స్పీల్‌బర్గ్, డేనియల్స్ జంట, టాడ్ ఫీల్డ్, మెక్‌డోనా, ఓస్ట్‌లండ్, ఈ పేర్లే వచ్చాయి. కానీ అదే సినిమాలో నాటు నాటు పాటకి క్రిటిక్స్ ఛాయిస్ వచ్చింది, ఆస్కారూ వచ్చింది. ఒక క్రిటిక్స్ అవార్డు ఎక్కడికీ తీసుకెళ్ళలేదు, ఇంకోటి చివరిదాకా తీసుకెళ్ళింది, ఎందుకలా అన్నది అర్థమైతే ఆఫీసులో, ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టే ఆస్కార్ పందేల్లో మిగతావాళ్ళకన్నా కాస్త ముందుంటారు. స్టెప్పుల వారీగా చెప్తాను.

స్టెప్ 1: ముందు ఓటు ఎవరిదో చూడండి

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. ఆస్కార్ ఓటర్లు దాదాపు పదివేల మంది, అందరూ సినిమా పని చేసేవాళ్ళు, అంటే యాక్టర్లు, డైరెక్టర్లు, ఎడిటర్లు, మేకప్ వాళ్ళు, సౌండ్ వాళ్ళు, నిర్మాతలు ఇలా. రివ్యూలు రాసేవాళ్ళకి రివ్యూలు రాస్తున్నారన్న కారణంగా అందులో చోటుండదు. న్యూయార్క్ సర్కిల్ (1935లో మొదలైంది), లాస్ ఏంజెలెస్ ఫిల్మ్ క్రిటిక్స్ అసోసియేషన్ (1975), నేషనల్ సొసైటీ ఆఫ్ ఫిల్మ్ క్రిటిక్స్ (1966), ఈ మూడింటిలో ఒక్కోదాంట్లో ఉండేది కొన్ని పదుల మంది, వాళ్ళు ఆ పదివేల మందిలో లేరు. ఓటు హక్కు లేనివాళ్ళ దగ్గర ఎగ్జిట్ పోల్ చేసి ఎవరు గెలుస్తారో చెప్పినట్టుంటుంది, వాళ్ళు ఎంత తెలివైనవాళ్ళైనా సరే.

మరి అసలు ఎందుకు చూడాలి అంటే, ఏటా ఆస్కార్‌కి అర్హత ఉన్న సినిమాలు మూడొందల పైచిలుకు ఉంటాయి, షూటింగుల్లో బిజీగా ఉండే మెంబర్ అవన్నీ చూడడు కదా, ఏవి ముందు చూడాలో చెప్పేది ఈ అవార్డులే. 2021లో డ్రైవ్ మై కార్ అని మూడు గంటల జపాన్ సినిమా, స్టార్లు లేరు, హడావిడి లేదు. న్యూయార్క్, ఎల్.ఏ., నేషనల్ సొసైటీ మూడూ దానికే బెస్ట్ ఫిల్మ్ ఇచ్చాయి. దాంతో బెస్ట్ పిక్చర్, డైరెక్టర్, స్క్రీన్‌ప్లే, ఇంటర్నేషనల్ ఫీచర్ అని నాలుగు నామినేషన్లు వచ్చాయి, గెలిచింది మాత్రం ఇంటర్నేషనల్ ఒక్కటే. అంటే క్రిటిక్స్ సినిమాని గేటు లోపలికి పంపగలరు, కప్పు ఇప్పించలేరు. మిగతా స్టెప్పులన్నీ దీని మీదే నడుస్తాయి.

స్టెప్ 2: ఒక షీట్ తెరవండి, సంవత్సరాలు సరిగ్గా వేయండి

చిన్న విషయమే కానీ ఇక్కడే కన్ఫ్యూజ్ అవుతారు. 2024 సినిమాలకి ఆస్కార్ ఇచ్చేది 2025 మార్చిలో, నేషనల్ సొసైటీ అవార్డు వచ్చేది జనవరిలో, న్యూయార్క్‌ది డిసెంబర్‌లో. అందుకని సినిమా రిలీజ్ సంవత్సరాన్నే పట్టుకోండి, నేను కింద రాసేవి కూడా అలాగే. ఒక్కో కేటగిరీకి ఒక్కో వరస, పక్కన న్యూయార్క్, ఎల్.ఏ., నేషనల్ సొసైటీ, క్రిటిక్స్ ఛాయిస్, గోల్డెన్ గ్లోబ్, ఆ తర్వాత గిల్డ్‌లు (డైరెక్టర్లు, నిర్మాతలు, యాక్టర్ల సంఘాలు ఇచ్చే అవార్డులు), బాఫ్టా (బ్రిటన్ సినిమా అవార్డులు). ఊరికొక క్రిటిక్స్ సంఘం ఉంది అమెరికాలో, అవన్నీ ఎక్కించుకుంటూ పోతే మీ ఆదివారం పోవడం తప్ప ఒరిగేదేం లేదు.

స్టెప్ 3: బెస్ట్ పిక్చర్‌కి క్రిటిక్స్ కాలమ్ ఎంత పనికొస్తుందో పాత లెక్క తీయండి

ఇది చూస్తే నాకైతే ప్రతిసారీ నవ్వొస్తుంది. న్యూయార్క్ సర్కిల్ బెస్ట్ ఫిల్మ్, ఆస్కార్ బెస్ట్ పిక్చర్ 2011లో ది ఆర్టిస్ట్‌తో కలిశాయి, అక్కడి నుంచి 2024 సినిమాల దాకా ఒక్కసారీ కలవలేదు. జీరో డార్క్ థర్టీ, అమెరికన్ హజిల్, బాయ్‌హుడ్, కేరొల్, లా లా ల్యాండ్, లేడీ బర్డ్, రోమా, ది ఐరిష్‌మ్యాన్, ఫస్ట్ కౌ, డ్రైవ్ మై కార్, టార్, కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్, ది బ్రూటలిస్ట్, పదమూడుకి పదమూడు ఓటమే. వీటిలో చాలావరకు మంచి సినిమాలే, అది వేరే సంగతి, మనం ఇక్కడ పందెం గురించి మాట్లాడుకుంటున్నాం.

ఎల్.ఏ. వాళ్ళది కొంచెం నయం. అదే కాలంలో స్పాట్‌లైట్, మూన్‌లైట్, పారసైట్, అనోరా నాలుగూ కలిశాయి, 2022లో ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్‌ని, టార్‌ని టై చేసి రెండిటికీ ఇచ్చారు కాబట్టి అది సగం మార్కు. నేషనల్ సొసైటీకి స్పాట్‌లైట్, మూన్‌లైట్, పారసైట్, నోమాడ్‌ల్యాండ్ కలిశాయి. ఇది చూసి ఎల్.ఏ. వాళ్ళకేదో లోపలి సమాచారం ఉంటుందనుకోవద్దు, పదమూడేళ్ళలో నాలుగైదు అంటే పందెం కాయడానికి సరిపోయే లెక్క కాదు.

మూడు సంఘాలూ ఒకే సినిమాకి ఇస్తే? అప్పుడైనా గ్యారంటీనా అంటే అదీ లేదు. 2024 వరకు అలా మూడూ కొట్టినవి ఏడు: గుడ్‌ఫెల్లాస్, షిండ్లర్స్ లిస్ట్, ఎల్.ఏ. కాన్ఫిడెన్షియల్, ది హర్ట్ లాకర్, ది సోషల్ నెట్‌వర్క్, డ్రైవ్ మై కార్, టార్. ఆస్కార్ గెలిచినవి షిండ్లర్స్ లిస్ట్, హర్ట్ లాకర్, రెండే. ఎల్.ఏ. కాన్ఫిడెన్షియల్‌కి అడ్డొచ్చింది టైటానిక్ మరి, ఏం చేస్తాం. సోషల్ నెట్‌వర్క్ మీద ది కింగ్స్ స్పీచ్ గెలవడం గురించి మాత్రం ఇప్పటికీ కొట్టుకునేవాళ్ళున్నారు.

క్రిటిక్స్ ఛాయిస్‌ని మాత్రం వేరేగా చూడండి. ఇది టీవీ, రేడియో, ఆన్‌లైన్ రివ్యూయర్లది, మెంబర్లు కొన్ని వందల మంది, 1995 సినిమాల నుంచి ఇస్తున్నారు, వాళ్ళ అభిరుచి కూడా ఇండస్ట్రీకి దగ్గరగా ఉంటుంది. 2013 నుంచి 2024 దాకా పన్నెండు సార్లలో ఏడు సార్లు కలిసింది. తప్పినవి బాయ్‌హుడ్, లా లా ల్యాండ్, రోమా, వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ హాలీవుడ్, ది పవర్ ఆఫ్ ది డాగ్. సగం కన్నా కొంచెం ఎక్కువ, అంతే.

స్టెప్ 4: యాక్టింగ్ కేటగిరీలు విడదీయండి

సపోర్టింగ్‌లో క్రిటిక్స్ మాట బాగా చెల్లుతుంది. జె.కె. సిమన్స్ (విప్‌లాష్), మహర్షలా అలీ (మూన్‌లైట్), కీ హుయ్ క్వాన్, డావైన్ జాయ్ రాండాల్ఫ్ (ది హోల్డోవర్స్), కీరన్ కల్కిన్ (ఎ రియల్ పెయిన్), వీళ్ళంతా ముందు ఆ మూడు సంఘాల దగ్గరా గెలిచి తర్వాత ఆస్కార్ పట్టుకెళ్ళినవాళ్ళే. నాకు అనిపించే కారణం ఏంటంటే సపోర్టింగ్‌లో అందరికీ తెలిసిన పేర్లు తక్కువ, ఎవరో ఒకరి పేరు డిసెంబర్‌లోనే గట్టిగా వినిపిస్తే అదే ఓటర్ల నోట్లో నాని మార్చి దాకా నడిచిపోతుంది. రెజీనా కింగ్ సంగతి ఇంకా గట్టి ఉదాహరణ, 2018లో ఆమెకి స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ నామినేషన్ లేదు, బాఫ్టా నామినేషన్ లేదు, న్యూయార్క్, ఎల్.ఏ. క్రిటిక్స్ ఇచ్చారు, క్రిటిక్స్ ఛాయిస్, గ్లోబ్ కూడా వచ్చాయి, ఆస్కార్ ఆమెదే. ఎదురు ఉదాహరణ కూడా ఉంది లెండి: 2017లో ది ఫ్లోరిడా ప్రాజెక్ట్‌కి విలెం డెఫో మూడు సంఘాల దగ్గరా గెలిచి చివర్లో శామ్ రాక్‌వెల్ చేతిలో ఓడిపోయాడు.

లీడ్ రోల్స్‌కి వచ్చేసరికి జాగ్రత్త. శాలీ హాకిన్స్ (2008), ఈథన్ హాక్ (2018), మరియన్ జాన్-బాప్టిస్ట్ (2024), ముగ్గురూ మూడు సంఘాల అవార్డులూ కొట్టారు, ముగ్గురికీ ఆస్కార్ నామినేషన్ కూడా రాలేదు. ముగ్గురివీ చిన్న సినిమాలు, అలాంటివాటికి ఆస్కార్ క్యాంపెయిన్ (ఓటర్ల దగ్గర చేసే ప్రచారం) మీద పోసే డబ్బు తక్కువే ఉంటుంది. కాబట్టి లీడ్‌లో ఒక పేరు క్రిటిక్స్ దగ్గర మోగిపోతుంటే వెంటనే చూడాల్సింది ఆ సినిమా వెనక ఎవరున్నారు, మిగతా కేటగిరీల్లో ఆ సినిమా పేరు వినిపిస్తోందా అని. ఇంకో మాట, ఎల్.ఏ. వాళ్ళు 2022 నుంచి మగ ఆడ తేడా తీసేసి లీడ్‌కి ఇద్దరికి, సపోర్టింగ్‌కి ఇద్దరికి ఇస్తున్నారు, అందుకని షీట్‌లో వాళ్ళ కాలమ్‌లో రెండేసి పేర్లు రాసుకోండి.

స్టెప్ 5: అసలు రూల్స్ ప్రకారం ఆ సినిమా పోటీలో ఉందా లేదా చూడండి

మనవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. ఇంటర్నేషనల్ ఫీచర్ కేటగిరీకి దేశం తరఫున ఒక్క సినిమానే పంపాలి. 2022లో ఇండియా పంపింది గుజరాతీ సినిమా ఛెల్లో షో, కాబట్టి క్రిటిక్స్ ఛాయిస్ బెస్ట్ ఫారిన్ లాంగ్వేజ్ ఫిల్మ్ ఆర్ఆర్ఆర్‌కి ఇచ్చినా ఆస్కార్‌లో ఆ తలుపు ముందే మూసుకుంది. 2024లో ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్ కేన్స్‌లో గ్రాండ్ ప్రి తెచ్చుకుంది, న్యూయార్క్, ఎల్.ఏ. రెండు చోట్లా పరభాషా చిత్రం అవార్డు దానిదే, కానీ ఇండియా పంపింది లాపతా లేడీస్‌ని, అది షార్ట్‌లిస్ట్‌కి కూడా వెళ్ళలేదు.

నామినేషన్లు వేసేది బ్రాంచీలు, అంటే ఆస్కార్ ఓటర్లలో ఒక్కో పని చేసేవాళ్ళ గ్రూపులు, అన్నది కూడా గుర్తుపెట్టుకోండి. డైరెక్టర్ నామినేషన్ డైరెక్టర్ల బ్రాంచి చేతిలో, పాట నామినేషన్ మ్యూజిక్ బ్రాంచి చేతిలో ఉంటాయి, ఫైనల్‌లో మాత్రం అందరూ అన్నిటికీ ఓటేయొచ్చు. రాజమౌళికి అవార్డిచ్చిన న్యూయార్క్ క్రిటిక్స్ డైరెక్టర్ల బ్రాంచిలో లేరు, సింపుల్. పాట విషయం వేరు, డిసెంబర్‌లోనే ఆస్కార్ ఇచ్చే అకాడమీ పెట్టిన 15 పాటల షార్ట్‌లిస్ట్‌లో నాటు నాటు ఉంది, జనవరి 10న గ్లోబ్, 15న క్రిటిక్స్ ఛాయిస్, అంటే లోపలి సంకేతం బయటి సంకేతం రెండూ ఒకే వైపు చూపించాయి. అలా రెండూ కలిసినప్పుడే ధైర్యంగా టిక్ పెట్టండి. ఎల్.ఏ. క్రిటిక్స్ కూడా ఆ ఏడాది మ్యూజిక్ అవార్డు కీరవాణికే ఇచ్చారు, ఆస్కార్ స్కోర్ (నేపథ్య సంగీతం) కేటగిరీలో మాత్రం నామినేషన్ లేదు.

స్టెప్ 6: గిల్డ్‌లు మొదలయ్యాక పాత కాలమ్స్ పక్కన పెట్టేయండి

గిల్డ్ మెంబర్లలో కొంతమంది ఆస్కార్ ఓటర్లు కూడా, క్రిటిక్స్‌కి లేనిది ఇదే. డైరెక్టర్స్ గిల్డ్ అవార్డు 1948 నుంచి ఉంది, ఆస్కార్ డైరెక్టర్‌తో తప్పింది వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, దగ్గరి కాలంలో 2012 (బెన్ ఆఫ్లెక్‌కి గిల్డ్, ఆంగ్ లీకి ఆస్కార్), 2019 (సామ్ మెండెస్‌కి గిల్డ్, బాంగ్ జూన్-హోకి ఆస్కార్). బెస్ట్ పిక్చర్‌కి ప్రొడ్యూసర్స్ గిల్డ్ చూడండి. 2017 నుంచి 2024 దాకా పారసైట్ ఏడాది ఒక్కటే తప్పింది, ఆ ఏడాది గిల్డ్ 1917కి ఇచ్చింది.

ప్రొడ్యూసర్స్ గిల్డ్ అంత దగ్గరగా రావడానికి ఇంకో కారణం ఓటింగ్ పద్ధతి. 2009 సినిమాల నుంచి ఆస్కార్ బెస్ట్ పిక్చర్‌కి ఓటరు సినిమాలన్నిటికీ 1, 2, 3 అని ర్యాంకులివ్వాలి, ఎవరికీ సగం దాటకపోతే అన్నిటికన్నా తక్కువ వచ్చినదాన్ని తీసేసి ఆ బ్యాలెట్లని వాటిమీద తర్వాతి ర్యాంకులో ఉన్న సినిమాకి కలుపుతారు, ఏదో ఒకటి సగం దాటేదాకా ఇదే పని. గిల్డ్‌దీ ఇదే పద్ధతి. దీనివల్ల కొందరు నెత్తిన పెట్టుకుని కొందరు అసలు భరించలేని సినిమాకి నష్టం, ఎక్కువమంది రెండో మూడో ర్యాంకు ఇచ్చే సినిమాకి లాభం. 2018లో రోమా మీద గ్రీన్ బుక్, 2021లో ది పవర్ ఆఫ్ ది డాగ్ మీద కోడా గెలవడంలో దీని చెయ్యి ఉందనే నా నమ్మకం, రెండూ ముందు ప్రొడ్యూసర్స్ గిల్డ్ కొట్టినవే.

2024 చూడండి ఎంత బాగుంటుందో. అనోరాకి ఎల్.ఏ. క్రిటిక్స్ వచ్చింది, న్యూయార్క్ బ్రూటలిస్ట్‌కి, నేషనల్ సొసైటీ నికెల్ బాయ్స్‌కి పోయాయి, జనవరిలో గోల్డెన్ గ్లోబ్స్‌లో అనోరాకి ఒక్కటీ రాలేదు, పని అయిపోయింది అన్నారు అంతా. లాస్ ఏంజెలెస్ మంటల వల్ల క్రిటిక్స్ ఛాయిస్ ఫిబ్రవరి 7కి వాయిదా పడింది, ఆ రోజు అనోరాకి వచ్చింది, మర్నాడు ప్రొడ్యూసర్స్ గిల్డ్, డైరెక్టర్స్ గిల్డ్ రెండూ ఒకే రాత్రి వచ్చిపడ్డాయి. డిసెంబర్ కాలమ్స్ పట్టుకుని కూర్చున్నవాళ్ళు పోయారు.

స్టెప్ 7: యాక్టర్, యాక్ట్రెస్ దగ్గర బాఫ్టా వచ్చేదాకా ఆగండి

గ్లోబ్, క్రిటిక్స్ ఛాయిస్, స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ మూడూ ఒకరికే వచ్చి, బాఫ్టా మాత్రం ఇంకొకరికి పోతే టిక్ పెట్టేముందు ఆలోచించండి. 2018లో గ్లెన్ క్లోజ్‌కి ఆ మూడూ (క్రిటిక్స్ ఛాయిస్ లేడీ గాగాతో పంచుకుంది) వచ్చాయి, బాఫ్టా, ఆస్కార్ ఒలీవియా కోల్‌మన్‌కి. 2020లో చాడ్విక్ బోస్‌మన్, ఆంథనీ హాప్కిన్స్ మధ్య ఇదే జరిగింది. 2024లో డెమీ మూర్, మైకీ మాడిసన్ మధ్య మళ్ళీ అదే. తమాషా ఏంటంటే కోల్‌మన్‌కీ మాడిసన్‌కీ ఎల్.ఏ. క్రిటిక్స్ అవార్డు ముందే ఉంది, కాబట్టి బాఫ్టా, ఎల్.ఏ. రెండూ ఒకే పేరు చెప్తే ఫేవరెట్‌ని వదిలి అటు వేయడం నేను తప్పనుకోను.

స్టెప్ 8: లాక్ చేయడం

షీట్ రెండుసార్లు నింపండి. మొదటిసారి నామినేషన్లకి ముందు, జనవరిలో, అప్పుడు క్రిటిక్స్ కాలమ్స్‌కి ఎక్కువ వెయిట్ ఇవ్వండి, ఎందుకంటే ఎవరు లోపలికొస్తారన్నది వాళ్ళే బాగా చెప్తారు. రెండోసారి గిల్డ్‌లు, బాఫ్టా అయ్యాక, అప్పుడు పిక్చర్‌కి, డైరెక్టర్‌కి క్రిటిక్స్‌ని దాదాపు సున్నా చేసేయండి, సపోర్టింగ్ రెండింటికీ, ఇంటర్నేషనల్‌కీ మాత్రం ఉంచండి. షార్ట్ ఫిల్ముల కేటగిరీలకి ఈ సంఘాలేవీ పనికిరావు, అవి వీలైతే చూసి వేయండి లేదంటే చీటీ తీయండి. మన దగ్గర తెల్లవారుజామున షో మొదలవుతుంది కాబట్టి ముందురోజు రాత్రే గ్రూప్‌లో పెట్టేసి పడుకోండి.