కోడ్ అదే, సర్వర్ అదే, కొత్త ల్యాప్‌టాప్‌లో డేటాబేస్ కనెక్ట్ అవ్వట్లేదా? ముందు డ్రైవర్ చూడండి

పాత సిస్టమ్‌లో బానే నడిచిన పైథాన్ స్క్రిప్ట్ కొత్తదాంట్లో పెట్టగానే ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి కనెక్ట్ అవ్వనంటే చాలామంది ముందు పాస్‌వర్డ్ మార్పిస్తారు, తర్వాత ఫైర్‌వాల్ చూసే వాళ్ల ప్రాణం తీస్తారు. ఆగండి, ఎర్రర్ మొత్తం చదవండి, లాగిన్ ఫెయిల్డ్ అని 18456 నంబర్ వస్తే డ్రైవర్ (ప్రోగ్రామ్‌ని డేటాబేస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) సర్వర్ దాకా వెళ్లొచ్చినట్టే, అప్పుడు యూజర్, పాస్‌వర్డ్ సంగతి చూస్కోవచ్చు.

సర్టిఫికేట్ (సర్వర్ గుర్తింపు కార్డు లాంటిది) చెయిన్‌ని నమ్మలేను అనే అర్థంలో ఎస్‌ఎస్‌ఎల్ ఎర్రర్ వచ్చిందా? అయితే పాత మెషిన్‌లో మైక్రోసాఫ్ట్ ఓడీబీసీ (ప్రోగ్రామ్‌లు డేటాబేస్‌తో మాట్లాడే ఒక ప్రామాణిక పద్ధతి) డ్రైవర్ 17, కొత్తదాంట్లో 18 ఉండుంటుంది. 2022లో వచ్చిన 18 నుంచి ఎన్‌క్రిప్షన్ డిఫాల్ట్‌గా ఆన్, 17లో ఆఫ్. మనం కనెక్షన్ స్ట్రింగ్‌లో (సర్వర్, యూజర్ వివరాలు రాసే లైన్) ఏమీ మార్చకపోయినా డ్రైవర్ వెళ్లి సర్వర్ సర్టిఫికేట్ చూపించమంటది, ఆఫీసుల్లో టెస్ట్ సర్వర్‌కి ఉండేది సెల్ఫ్ సైన్డ్, అంటే తనకి తానే ఇచ్చుకున్న సర్టిఫికేట్, ఇంకేముంది, తలుపు దగ్గరే ఆగిపోద్ది. డెవ్ మెషిన్ అయితే స్ట్రింగ్‌లో ట్రస్ట్ సర్వర్ సర్టిఫికేట్‌కి ఎస్ అని పెట్టేస్తే పనైపోద్ది, డేటా ఎన్‌క్రిప్ట్ అవుతూనే ఉంటది కానీ అవతల ఉన్నది అసలు సర్వరేనా అని చూడదు, అందుకే ప్రొడక్షన్‌లో ఇది పెట్టకండి, సరైన సర్టిఫికేట్ వేయించండి. వేయించాక కూడా ఐపీ అడ్రస్‌తో కాకుండా సర్టిఫికేట్‌లో ఉన్న పేరుతోనే కనెక్ట్ అవ్వాలి, లేకపోతే పేరు కలవలేదని మళ్లీ మొదటికొస్తది.

జావా వాళ్లకీ ఇదే గోల, జావాలో ఓడీబీసీ లాంటిదే జేడీబీసీ, మైక్రోసాఫ్ట్ జేడీబీసీ డ్రైవర్ 10.2 నుంచి అక్కడా ఎన్‌క్రిప్షన్ డిఫాల్ట్. ఇంకోటి, ఓడీబీసీలో ఎస్ అని రాసేది జేడీబీసీలో ట్రూ అని రాయాలి, పోర్ట్‌కి ముందు ఓడీబీసీలో కామా, జేడీబీసీలో కోలన్. ఒకచోట స్ట్రింగ్ కాపీ కొట్టి ఇంకోచోట పేస్ట్ చేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతారు.

ఎర్రర్ కోడ్ ఐఎమ్ 002 వస్తే సంగతి వేరు, డ్రైవర్ పేరో, డీఎస్ఎన్ (పేరు పెట్టి దాచుకున్న కనెక్షన్ వివరాలు) పేరో దొరకలేదన్నమాట. పైథాన్‌లో ఓడీబీసీ వాడే పైఓడీబీసీ లైబ్రరీలో డ్రైవర్స్ ఫంక్షన్ రన్ చేసి వచ్చిన పేరుని అక్షరం పొల్లుపోకుండా స్ట్రింగ్‌లో పెట్టండి, 17 అని రాసుండి విండోస్ మెషిన్‌లో 18 ఒక్కటే ఉంటే వచ్చేది ఈ ఎర్రరే. ఐఎమ్ 014 వస్తే 32 బిట్, 64 బిట్ తేడా. విండోస్‌లో ఓడీబీసీ అడ్మిన్ టూల్ రెండుంటాయి, విచిత్రమేంటంటే సిస్టమ్ 32 ఫోల్డర్‌లో ఉండేది 64 బిట్‌ది, సిస్‌వావ్ 64లో ఉండేది 32 బిట్‌ది, ఎవడు పెట్టాడో గానీ దండం పెట్టాలి. మీ పైథాన్ 64 బిట్ అయితే సిస్టమ్ డీఎస్ఎన్ కూడా 64 బిట్ టూల్‌లోనే చేయాలి.

లినక్స్‌లో అయితే ఓడీబీసీఇన్‌స్ట్ కమాండ్‌కి మైనస్ జే ఇచ్చి కొట్టండి, ఏ ఫైల్ నుంచి కాన్ఫిగ్ చదువుతుందో చెప్తది, చాలాసార్లు మీరు ఎడిట్ చేస్తున్నది ఒక ఫైలు, అది చదివేది ఇంకో ఫైలు.