పెద్ద సైజు ఒంటికి పరదేశంలో రోజువారీ బట్టలు: టేపు పట్టడం నుంచి ఆల్టరేషన్ దాకా

ఎక్స్‌ఎల్ వేసుకుంటే చంకలో పట్టేస్తుంది. డబుల్ ఎక్స్‌ఎల్ తీసుకుంటే భుజాలు జారిపోతాయి, మెడ వెడల్పై బ్రా పట్టీ కనిపిస్తుంది. ఈ రెండింటి మధ్య నలిగి చాలామంది ఏదో ఒక వదులు టీషర్టుతో సరిపెట్టుకుంటారు. అలా సరిపెట్టుకోనక్కర్లేదు. లోపం ఒంటిలో లేదు, బట్ట గీసిన పద్ధతిలో ఉంది. చాలా కంపెనీలు ఒక మీడియం సైజు గీసి దాన్నే అన్నివైపులా కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతాయి. ఒళ్లు అలా పెరగదు. ఛాతీ, పొట్ట, జబ్బలు, తొడలు నిండుతాయి కానీ భుజం ఎముక అంతే ఉంటుంది. అందుకే మామూలు సైజుల్లో చివరిది కొనడం కంటే మొదటినుంచీ పెద్ద ఒంటికోసమే గీసిన వరసలో చూడాలి. అమెరికాలో 18కీ 18డబ్ల్యూకీ, ఎక్స్‌ఎల్‌కీ 1ఎక్స్‌కీ తేడా ఇదే. డబ్ల్యూ, ఎక్స్ వరసల్లో ఛాతీ దగ్గర, జబ్బ దగ్గర ఎక్కువ బట్ట వదులుతారు. సంఖ్య దగ్గరగా ఉన్నా ఫిట్టింగ్ వేరు.

ముందు టేపు పట్టండి

రోజూ వేసుకునే బ్రా మీద, పల్చటి బట్టతో కొలవండి. టేపు నేలకు సమాంతరంగా ఉండాలి, ఒంటికి ఆనాలి కానీ నొక్కకూడదు. ఛాతీ, నడుము, సీటు (పిరుదుల చుట్టుకొలత) ఎలాగూ కొలుస్తారు. వాటికంటే ఎక్కువ పని చేసేవి ఎవరూ కొలవని మరో నాలుగు: జబ్బ చుట్టుకొలత, తొడ చుట్టుకొలత, ముందు నడుము నుంచి కాళ్ల సందుగా వెనక నడుము దాకా ఉన్న పొడవు, మెడ వెనక ఎముక నుంచి నడుము దాకా ఉన్న పొడవు. సీటు కొలిచేటప్పుడు పొట్ట ముందుకు ఉంటే టేపు దాన్ని కూడా కలుపుకుని, అన్నిటికంటే వెడల్పైన చోట తిరగాలి.

తర్వాత కుర్చీలో కూర్చుని నడుము, సీటు మళ్లీ కొలవండి. నిలబడ్డప్పటికీ కూర్చున్నప్పటికీ 5 సెంటీమీటర్లకు మించి తేడా వస్తే గట్టి నడుంపట్టీ ప్యాంట్లు మీకు మధ్యాహ్నానికల్లా నొప్పి పెడతాయి. అలాంటి ఒంటికి వెనకవైపైనా ఎలాస్టిక్ ఉన్న పట్టీ కావాలి.

ఇప్పుడు మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే హాయిగా ఉండే చొక్కా, ప్యాంటు నేలమీద పరిచి కొలవండి. చొక్కాకు చంక కింద 2.5 సెంటీమీటర్ల దిగువన అడ్డంగా కొలిచి రెండింతలు చేయాలి. సైట్లలో రెండు రకాల పట్టికలు ఉంటాయి. ఒకటి ఒంటి కొలతలు, ఇంకొకటి బట్ట కొలతలు. వీటిని కలగాపులగం చేయడం వల్లే చాలా ఆర్డర్లు తిరిగి వెళ్తాయి. బట్ట కొలతలే ఇచ్చారనుకోండి, ఒంటి కొలతకు వదులు కలుపుకోవాలి. సాగని బట్టతో చొక్కాకు ఛాతీ దగ్గర 8 నుంచి 12 సెంటీమీటర్లు, జబ్బ దగ్గర 4 నుంచి 5, ప్యాంటుకు సీటు దగ్గర 5. సాగే టీషర్టుకు ఛాతీ దగ్గర సున్నా నుంచి 5 చాలు.

దేశం మారితే నంబరు మారుతుంది

బ్రిటన్ నంబరు అమెరికా నంబరుకు సాధారణంగా 4 ఎక్కువ. జర్మనీ నంబరు అమెరికాకు 30 కలిపితే వస్తుంది. దానికి 2 కలిపితే ఫ్రాన్సు, 6 కలిపితే ఇటలీ. అంటే అమెరికా 18 అనుకుంటే బ్రిటన్‌లో 22, జర్మనీలో 48, ఫ్రాన్సులో 50, ఇటలీలో 54. ఇది వెతుకులాట మొదలుపెట్టడానికి మాత్రమే. అసలు నిర్ణయం ఆ బ్రాండు పట్టికలోని సెంటీమీటర్లదే.

పొట్టిగా ఉన్నవాళ్లు జర్మనీలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడ పొట్టివాళ్ల సైజుకు మామూలు నంబరులో సగం వేస్తారు. 48కి పొట్టి సైజు 24. దాన్ని చూసి చిన్నపిల్లల సైజేమో అని పక్కన పెట్టేయకండి. అమెరికాలో 5 అడుగుల 4 అంగుళాల లోపు వాళ్లకు పెటీట్ పేరుతో వేరే వరస ఉంటుంది, అందులో పెద్ద సైజులు 18డబ్ల్యూపీ లాంటి గుర్తుతో దొరుకుతాయి. కాళ్లు కత్తిరించుకుంటే పోయేదానికి ఈ వరస ఎందుకు అనిపించవచ్చు. పొడవు ఒక్కటే కాదు, మోకాలు ఎక్కడ పడుతుందో, నడుము ఎక్కడ కూర్చుంటుందో, జేబు ఎక్కడ ఉంటుందో అన్నీ అందులో మారతాయి.

చైనా లేబుల్ మీద 165/88ఏ లాంటి రాత ఉంటుంది. మొదటిది ఎత్తు, రెండోది ఛాతీ (ప్యాంటుకైతే నడుము), అక్షరం ఛాతీకీ నడుముకీ మధ్య తేడా. ఆడవాళ్ల బట్టల్లో ఏ అంటే 14 నుంచి 18 సెంటీమీటర్ల తేడా, బీ అంటే 9 నుంచి 13, సీ అంటే 4 నుంచి 8. పొట్ట నిండుగా ఉన్నవాళ్లు బీ, సీ వెతుక్కుంటే పైజామా నాడా అవసరం లేకుండా ప్యాంటు నడుము సరిపోతుంది. జపాన్‌లో ఎల్ తర్వాత ఎల్ఎల్, 3ఎల్, 4ఎల్ అని పోతుంది. కొరియాలో, జపాన్‌లో 'ఫ్రీ సైజు' అని రాసింది సాధారణంగా పెద్ద ఒంటికి పట్టదు. కొలత చూడకుండా కొనకండి.

బ్రా సరిగ్గా లేకపోతే

పై బట్టలు కొనేముందే ఇది తేల్చుకోవాలి. ఛాతీ కిందికి జారి ఉంటే ప్రతి చొక్కాలోనూ డార్ట్ (ఒంటి వంపు కోసం బట్టను మడిచి వేసే కుట్టు) తప్పుచోట పడుతుంది, నడుము మాయమవుతుంది. బరువు మోయాల్సింది ఛాతీ కింది పట్టీ, భుజం మీది పట్టీ కాదు. భుజం మీద గాట్లు పడుతున్నాయంటే కింది పట్టీ వదులని అర్థం. వెనక పట్టీ పైకి ఎక్కిపోవడం కూడా అదే. కొత్త బ్రా బయటి కొక్కెంలో బిగుతుగా ఉండాలి, సాగేకొద్దీ లోపలికి మార్చుకుంటారు. పట్టీ ఒక సైజు తగ్గిస్తే కప్పు ఒక అక్షరం పెంచాలి, అప్పుడే కప్పులో చోటు అంతే ఉంటుంది. కప్పు అక్షరాలు కూడా దేశాన్ని బట్టి మారతాయి: బ్రిటన్‌లో డీడీ తర్వాత ఈ, అమెరికాలో డీడీ తర్వాత చాలాచోట్ల డీడీడీ. పట్టీ 38 అంటే జర్మనీలో 85, ఫ్రాన్సులో 100.

చంక దగ్గరే అసలు పరీక్ష

చంక ఎంత కిందికి దిగితే అంత హాయి అనుకుంటారు. నిజానికి అది ఉల్టా. చంక గుంట బాగా కిందికి దిగిన చొక్కాలో చెయ్యి ఎత్తితే చేతితోపాటు పక్క కుట్టు, దానితో పాటు చొక్కా మొత్తం పైకి లేస్తుంది. చంకకు 2, 3 సెంటీమీటర్ల దిగువనే ఆగి, చొక్కా చెయ్యి మాత్రం వెడల్పుగా ఉన్న చొక్కాలో బట్ట కదలకుండా చెయ్యి ఒక్కటే కదులుతుంది. ట్రయల్ రూములో బస్సు కమ్మీ పట్టుకున్నట్టు రెండు చేతులూ పైకెత్తండి. కింది అంచు 5 సెంటీమీటర్లకు మించి పైకి లేస్తే ఆ చొక్కా వదిలేయండి. తర్వాత చేతులు ముందుకు చాచి కట్టుకోండి. వీపు అడ్డంగా లాగితే అది సైజు సమస్య కాదు, వీపు వెడల్పు తక్కువ గీశారు. చెయ్యి మెడ దగ్గరనుంచే ఏటవాలుగా కుట్టిన రాగ్లాన్ రకం చాలామందికి ఈ చిక్కు తీరుస్తుంది, ఎందుకంటే అందులో భుజం కుట్టు తప్పుచోట పడే మాటే లేదు.

ముడతలు ఏం చెబుతున్నాయో చూడటం నేర్చుకుంటే అద్దం ముందు సమయం ఆదా అవుతుంది. గుండీల మధ్య సందు నోరు తెరిస్తే ఛాతీ వెడల్పు చాలలేదు. సైజు పెంచితే భుజం పోతుంది కాబట్టి డార్ట్ ఉన్న మోడల్ వెతకండి, ఛాతీ ఎత్తైన చోటనే ఒక గుండీ పడేలా చూసుకోండి. ఛాతీ నుంచి చంకకు ఏటవాలుగా ముడత పడితే డార్ట్ లేదనో, చాలదనో అర్థం. ముందు అంచు పైకి లేచి వెనక అంచు కిందికి వేలాడితే పొట్ట, ఛాతీ పొడవును తినేశాయి. వెనక నడుము పైన బట్ట కుప్పపడితే సీటు దగ్గర బిగుతై చొక్కా పైకి జారింది, పక్కల చీలికలున్న మోడల్ దీనికి మందు.

ప్యాంటులో మూడు చోట్లు

కాళ్ల సందు దగ్గర అడ్డగీతలు పడితే తొడ బిగుతు. వెనక నడుము దగ్గర గుప్పెడు ఖాళీ ఉంటే సీటుకీ నడుముకీ తేడా ఎక్కువున్న ఒంటికోసం గీసినది కావాలి. కూర్చోగానే వెనక జారిపోతే వెనక పొడవు చాలలేదు, బెల్టు దీన్ని సరిచేయదు. అందుకే నడుము నుంచి కాళ్ల సందు మీదుగా కొలిచిన ఆ పొడవు ఇక్కడ పనికొస్తుంది. నడుంపట్టీ సన్నగా ఉంటే పొట్ట దాన్ని మడతపెట్టేస్తుంది, 5 సెంటీమీటర్లో ఇంకా ఎక్కువో వెడల్పున్న పట్టీ నిలబడుతుంది. ట్రయల్ రూములో ప్యాంటు వేసుకుని కనీసం రెండు నిమిషాలు కూర్చోండి, వంగి చెప్పు సవరించుకోండి, ఒక కాలు ఎత్తి స్టూలు మీద పెట్టండి.

జీన్స్ తొడల మధ్య చిరగడానికి కారణం దారాలు రాపిడికి అరిగి తెగిపోవడం. డ్రయర్ వేడి దాన్ని ఇంకా త్వరపెడుతుంది. చల్లటి నీళ్లలో తిరగేసి ఉతికి, స్టాండు మీద ఆరేయండి. కొన్న రోజే తొడల లోపలివైపు పల్చటి సాగే ముక్క వేయిస్తే చిరుగు పడకముందే దానికి దన్ను దొరుకుతుంది. డ్రస్సులు, స్కర్టుల కింద తొడల రాపిడికి నైలాన్, ఎలాస్టేన్ (సాగే దారం) కలిసిన స్లిప్ షార్ట్స్ వాడండి. షార్ట్స్ కాలు, తొడలు కలిసే చోటుకు 5 సెంటీమీటర్లు దిగువ దాకా రావాలి. కాలి అంచు ముడుచుకుపోతూ ఉంటే అది పొడవు తప్పు కాదు, తొడకు ఇరుకు. పై సైజు తీసుకోండి.

బట్ట రకం, ఆకారం

రోజువారీకి కాటన్‌లో 3 నుంచి 5 శాతం ఎలాస్టేన్ ఉన్న అల్లిక బట్ట మంచిది. మరీ పల్చటి జెర్సీ (టీషర్టు బట్ట) లోపలి ప్రతి కుట్టునీ బయటపెడుతుంది. పాంటే అనే మందపాటి అల్లిక బట్ట ఒంటికి అంటుకోకుండా ఆకారం నిలుపుకుంటుంది. ఆఫీసు ప్యాంట్లకు ఇంతకంటే హాయైనది తక్కువ. విస్కోస్ (రేయాన్ రకం) బాగా జాలువారుతుంది, కానీ తడిస్తే బలహీనమవుతుంది, కుంచించుకుంటుంది. చలికాలంలో హీటరున్న పొడి గదుల్లో పాలిస్టర్ ఒంటికి అతుక్కుంటుంది, చిటపటలాడుతుంది. అప్పుడు లోపల ఒక కాటన్ పొర ఉండాలి.

నలుపు ఒక్కటే దారి అనుకోకండి. ఒంటిని బాగా చూపించేది రంగు కంటే భుజం కుట్టు సరిగ్గా భుజం అంచున పడటం. అది కుదిరితే కింద కొంచెం వదులున్నా చక్కగా కనిపిస్తుంది. వీ మెడ, ఛాతీ కింద కుట్టు, ముంజేతి మధ్యలో ఆగే చెయ్యి చాలామందికి నప్పుతాయి. కింది అంచు సీటు అన్నిటికంటే వెడల్పైన చోట ఆగకుండా దానికి పైనో కిందో ఆగాలి. ప్యాంటు సీటు నుంచి తిన్నగా కిందికి జారాలి, తొడ కింద లోపలికి నొక్కుకుపోకూడదు.

చలి కోటు లోపల మందమైన స్వెటరుతోనే చూసుకోండి. కింది నుంచి కూడా తెరుచుకునే రెండువైపుల జిప్పు ఉంటే కూర్చున్నప్పుడు సీటు దగ్గర విప్పుకోవచ్చు, కోటు పొట్ట మీదికి ఎగదన్నదు.

ఆల్టరేషన్, వాపసు

ఒంటి వెడల్పైన భాగానికి సరిపోయేది కొని మిగతాది లోపలికి తీయించడం ఎప్పుడూ తేలిక. పొడవు తగ్గించడం, వెనక నడుము లోపలికి తీయడం, డార్ట్ వేయడం, చెయ్యి పొడవు కుదించడం ఏ టైలరైనా చేయగలరు. భుజం, చంక, కాళ్ల సందు మార్చాలంటే బట్ట మొత్తం విప్పాలి, ఖర్చుకు తగ్గ ఫలితం రాదు. పెద్దది చేయించుకుందామనుకుంటే ముందు కుట్టు లోపల చూడండి. ఫ్యాక్టరీ బట్టలో సాధారణంగా 1 సెంటీమీటరే మార్జిన్ ఉంటుంది, వదులు చేయడానికి బట్టే ఉండదు.

పెద్ద సైజులు చాలా దుకాణాల్లో ఆన్‌లైన్‌లోనే ఉంటాయి కాబట్టి వాపసు నిబంధన ముందే చదవండి. యూరోపియన్ యూనియన్‌లోనూ బ్రిటన్‌లోనూ ఆన్‌లైన్‌లో కొన్న మామూలు బట్టలను చేతికొచ్చిన 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా వద్దనే హక్కు చట్టమే ఇచ్చింది. పంపే ఖర్చు మీదే కావచ్చు. దుకాణంలో కొన్నదానికి ఆ హక్కు లేదు, దుకాణం నియమమే వర్తిస్తుంది. అమెరికాలో కూడా సాధారణంగా దుకాణం నియమాన్నే చూసుకోవాలి. వేరే దేశం నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం, వాపసు తపాలా ఖర్చు రెండూ లెక్కేసుకోండి.

ఒక మోడల్ అన్నివిధాలా కుదిరితే బ్రాండు, మోడల్ పేరు, బట్ట శాతాలు, సైజు ఫోనులో రాసుకోండి. రెండో రంగు కొనేది మాత్రం మొదటిదాన్ని ఒకసారి ఉతికి, ఛాతీ, పొడవు మళ్లీ టేపుతో కొలిచి చూశాకే.