అమెరికా కాలేజీ టీమ్‌లో సీటు: రిజిస్ట్రేషన్ నుంచి స్కాలర్‌షిప్ సంతకం దాకా

కోచ్ ఫోన్లో "మీ అమ్మాయిని తీసుకుంటున్నాం" అనగానే స్వీట్లు పంచేసేవాళ్లను మా టెక్సస్‌లో ఏటా చూస్తుంటాను. కాగితం లేని మాటకు ఇక్కడ ఏ పక్షమూ కట్టుబడి ఉండక్కర్లేదు. మా అబ్బాయికి టెన్నిస్‌లో ఒక కాలేజీ ఎనిమిది నెలలు ఇలాగే ఆశపెట్టింది. ఆ కోచ్ వేరేచోటికి వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చినాయన మా మెయిల్‌కు జవాబు కూడా ఇవ్వలేదు.

ఇంకో గందరగోళం పేరు దగ్గర. ఫలానా కాలేజీలోనే చేరతామని సంతకం పెట్టే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ (ఎన్‌ఎల్‌ఐ) 1964 నుంచి ఉండేది. అమెరికా కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. దాని మూడు అంచెల్లో పైదైన డివిజన్ 1 కౌన్సిల్ ఆ పత్రాన్ని 2024 అక్టోబరులో ఎత్తేసింది. అలవాటు కొద్దీ జనం ఇంకా ఎన్‌ఎల్‌ఐ అనే అంటున్నారు కానీ, ఇప్పుడు సంతకం పెట్టేది కాలేజీ రాసిచ్చే స్కాలర్‌షిప్ ఒప్పందం మీద. అది పెట్టాక మిగతా కాలేజీల కోచ్‌లు మీ పిల్లల వెంటపడటం ఆపేయాలి.

ముందు, ఆడే అర్హత తేల్చే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ సైట్‌లో ఖాతా తెరవాలి. తొమ్మిదో తరగతిలోనే మొదలుపెడితే మంచిది. ఉచిత ఖాతాతో పని అయిపోయిందనుకోవద్దు. డివిజన్ 1, 2 వాళ్లకు ఫీజు కట్టే సర్టిఫికేషన్ ఖాతా కావాలి.

ఎక్కువమంది దెబ్బతినేది చదువు లెక్క దగ్గరే. డివిజన్ 1కి 16 కోర్ కోర్సులు (ఎన్‌సీఏఏ లెక్కలోకి తీసుకునే హైస్కూల్ సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ ఉండాలి. 12వ తరగతి మొదలయ్యేలోపే వాటిలో పది కోర్సులు పూర్తి కావాలి, ఆ పదిలో ఏడు ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ అయి ఉండాలి. ఆ పదింటి గ్రేడ్లు అక్కడితో తాళం పడ్డట్టే, తర్వాత మళ్లీ రాసి పెంచుకోవడం కుదరదు. స్కూలు క్రెడిట్ ఇచ్చినంత మాత్రాన అది కోర్ కోర్సు అయిపోదు. మీ స్కూలు పేరు మీద ఎన్‌సీఏఏ ఆమోదించిన జాబితా సైట్‌లోనే ఉంటుంది. ట్రాన్స్‌క్రిప్ట్ (స్కూలిచ్చే మార్కుల పత్రం) పక్కన పెట్టుకుని ఒక్కో పేరూ సరిచూడండి. శాట్ ప్రవేశ పరీక్ష షరతును 2023లో తీసేశారు, అడ్మిషన్ కోసం కాలేజీ అడిగితే అది వేరే సంగతి.

ఇండియా నుంచి వచ్చేవాళ్లు పదో తరగతి, ఇంటర్ మార్కుల పత్రాలు చూపాలి. మన టెన్నిస్ ఆటగాడు సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడాడు కాబట్టి ఇది మనకు కొత్త దారేమీ కాదు. ఒక్క జాగ్రత్త: ఇంటర్ అయ్యాక ఏడాది ఆగి టోర్నమెంట్లు ఆడుతూ కూర్చుంటే, కాలేజీలో ఆడే కాలానికి కోత పడొచ్చు.

టెన్నిస్ సహా చాలా ఆటల్లో పదో తరగతి అయ్యాక వచ్చే జూన్ 15 నుంచి కోచ్‌లు నేరుగా సంప్రదించవచ్చు. సంతకాల సీజన్ 12వ తరగతి నవంబరులో మొదలవుతుంది, అమెరికన్ ఫుట్‌బాల్‌కు డిసెంబరులో. స్కూల్లో టేబుల్ వేసి, కాలేజీ టోపీ పెట్టి తీసే ఫొటోలు సరదాకే. అసలు సంతకం చాలావరకు ఆన్‌లైన్‌లో, వంటింట్లో ఫోన్ పట్టుకుని కూడా అయిపోతుంది. అందుకే తొందరపడి నొక్కకండి.

ఒప్పందంలో మొత్తం ఎంత, ఎన్నేళ్లకు, ట్యూషన్‌కేనా లేక గది, భోజనం, పుస్తకాలకూ వర్తిస్తుందా అన్నది చదవండి. ఒక్క ఏడాదికే అయితే రెన్యువల్ సంగతి మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. స్కాలర్‌షిప్ అంటే పూర్తి ఫీజు అని మనవాళ్లు అనుకుంటారు. కానీ మొన్నటిదాకా డివిజన్ 1 మగపిల్లల టెన్నిస్ టీమ్ మొత్తానికి ఉన్నవి 4.5 స్కాలర్‌షిప్‌లే, వాటినే ముక్కలు చేసి పంచేవారు. ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన కేసులో 2025లో కుదిరిన కోర్టు సెటిల్‌మెంట్‌లో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయింది. బదులుగా టీమ్‌లో పదిమందికి మించకూడదన్న నిబంధన వచ్చింది. కాబట్టి డబ్బుతో పాటు, "ఆ పదిమందిలో మావాడు ఉన్నాడా?" అని కూడా అడగండి.

డివిజన్ 3లోనూ, ఐవీ లీగ్‌లోనూ (హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది యూనివర్సిటీల కూటమి) ఆటల స్కాలర్‌షిప్ ఉండదు, కాబట్టి ఈ కాగితమూ ఉండదు. ఎక్కడైనా అడ్మిషన్ విడిగా రావాల్సిందే.

ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చేవాళ్లు ప్రకటనలు, స్పాన్సర్‌షిప్ డబ్బుల ఒప్పందాలు ముట్టుకునే ముందు కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసును అడగాలి. వీసాకే ఎసరు రావచ్చు.

ఆగస్టులో చేరేవాళ్లు ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఎలిజిబిలిటీ ఖాతాలోకి వెళ్లి అమెచ్యూర్ హోదాకు (ఆటను వృత్తిగా చేసుకోలేదన్న గుర్తింపు) తుది సర్టిఫికేషన్ కోరాలి. 12వ తరగతి పాసైన తేదీ ఉన్న చివరి ట్రాన్స్‌క్రిప్ట్‌ను స్కూలు చేత పంపించాలి. స్కూలుకు సెలవులిచ్చేస్తే ఆఫీసులో పలికే నాథుడు ఉండడు, మేలోనే అడిగి పెట్టుకోండి.