పాత బీఎస్ఏని కిక్ కొట్టే ముందు కిందికి దిగిన ఆయిల్ తీసేయండి

ఏళ్ల తరబడి షెడ్డులో ఉన్న పాత బ్రిటిష్ మోటార్‌సైకిల్‌ని స్టార్ట్ చేయగానే పొగ కమ్మేసి, బ్రీదర్ గొట్టంలోంచి (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) ఆయిల్ కారితే ఇంజిన్ పోయిందేమోనని టెన్షన్ పడతాం. చాలాసార్లు ఏమీ పోదు. బర్మింగ్‌హామ్‌లో తయారైన బీఎస్ఏ గోల్డ్ స్టార్ లాంటి బండ్లకు ఆయిల్ ట్యాంకు విడిగా ఉంటుంది. బండి కదలకుండా ఉంటే ఆ ఆయిల్ పంపు సందుల్లోంచి మెల్లగా క్రాంక్‌కేసులోకి, అంటే ఇంజిన్ అడుగు భాగంలోకి దిగిపోతుంది. ఆ పొగ, కారుడు దాని వల్లే. మొన్న ఒక 1959 బండిలోంచి నాకు రెండు లీటర్ల పైనే వచ్చింది.

అందుకే కిక్ ముట్టుకోకముందే కింద 4 లీటర్ల ట్రే పెట్టి, క్రాంక్‌కేసు అడుగు ప్లేటు నట్లు విప్పి మొత్తం కారనివ్వండి. ఆ ఆయిల్ మళ్లీ వాడొద్దు. లోపలి జాలీని కిరోసిన్‌తో కడిగి, కొత్త గాస్కెట్ వేసి బిగించండి. ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి కూడా తీసేసి కొత్త ఆయిల్ పోయండి. స్పార్క్ ప్లగ్ తీసి సిలిండర్‌లో 2 టీస్పూన్ల ఆయిల్ వేసి, 30 సార్లు నెమ్మదిగా కిక్ తొక్కి, ప్లగ్ బిగించి స్టార్ట్ చేయండి. వెంటనే ట్యాంకు మూత తీసి చూడాలి, ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఇంజిన్‌లోని ఆయిల్‌ని తిరిగి ట్యాంకులోకి తెచ్చే రిటర్న్ పైపులోంచి నిమిషంలోగా ఆయిల్ పడకపోతే ఇంజిన్ ఆపేయండి.

వారం తిరక్కుండా ట్యాంకు మళ్లీ ఖాళీ అయితే మాత్రం ఇది చాలదు. పంపు అరిగిందో, ఆయిల్ కిందికి దిగకుండా ఆపే బాల్ వాల్వ్ సరిగా కూర్చోవట్లేదో చూడాలి. కొందరు ఆయిల్ పైపుకి ట్యాప్ పెడతారు. నేనైతే వద్దంటాను, ఒక్కసారి తెరవడం మర్చిపోతే ఇంజిన్ పట్టేస్తుంది.